ముఖాల డబ్బా

ఊళ్లో ఎవరైనా పోతే పాడె కట్టేవాళ్లు వెదురు కోసం ఒక దిక్కు పోతారు, ఇంట్లోవాళ్లలో ఒకరు ఫోటో కోసం ఇంకో దిక్కు బయల్దేరుతారు. మహబూబాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు ఇది కూడా కర్మల్లో కలిసిపోయింది. పోయినవారి ముఖం ఫ్లెక్సీ మీద పెద్దగా ఇంటి ముందు నిలబడాలి. దినం నాడు దండ వేయించుకోవాలి. అయితే బతికున్నన్నాళ్లూ ఆ ముఖాన్ని ఎవరూ కుదురుగా ఫోటో తీసి ఉండరు. ఆధార్ కార్డు మీద ఉన్నదాన్ని చూసి బతికున్నవాళ్లే తమను తాము గుర్తుపట్టలేరు. అప్పుడు గుంపులోంచి ఎవరో ఒకరు అంటారు: "ఫలానా పెళ్లిల వీడియో తీసిండ్రు గదా. సరోజనక్క దగ్గరికి పో. ఆమె దగ్గర ఉంటది."

సరోజన గది స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన ఉంది. ఎక్కడానికి బయటి నుంచి ఇనుప మెట్లు. పెళ్లి పని మీద వచ్చేవాళ్లు ఆ మెట్లు దడదడా ఎక్కుతారు. చావు పని మీద వచ్చేవాళ్లు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కుతారు. కుర్చీలోంచి తల తిప్పకుండానే ఏ పనో ఆమెకు తెలిసిపోతుంది.

ఈ ముఖాల ఆరాటం కొత్తదేమీ కాదు. మన తాతల నాడు కలిగినవాళ్లు పట్నం నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి, పోయిన పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుంటే, అటూ ఇటూ కొడుకులు నిలబడి ఫోటో దిగేవాళ్లు. తర్వాత కుంచె పట్టినవాడొకడు మూసిన రెప్పల మీద తెరిచిన కళ్లు దిద్దేవాడు. ఆ పటాలు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. కళ్లు మాత్రం ఆ మనిషివి కావు, కుంచెవాడివి. మనుమలు దానికే దండం పెట్టుకుంటారు.

సరోజన పుట్టింది జనగామలో, కిరాణా టోకు వ్యాపారుల ఇంట్లో. మెట్టింది మహదేవపూర్‌లో. అదీ దుకాణాల ఇల్లే. కానీ భర్త విద్యాసాగర్‌కు కొట్టులో కూర్చునే ఓపిక లేదు. కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్ల వెంట తిరిగి తిరిగి చివరికి మహబూబాబాద్‌లో ఆగాడు. "మావోడు గల్లా మీద కూసుంటడనుకుంటే పీటల మీద కూసున్నోళ్ల ఎంబడి తిరుగుతుండు" అని మామ రామచంద్రం పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు. విద్యాసాగర్ తీసుకొచ్చిన వీడియోలను కోసి కలిపే పని, ఇక్కడ మిక్సింగ్ అంటారు, సరోజన నేర్చుకుంది. అతను తీస్తాడు, ఆమె కోస్తుంది. ఏ మేనమామ అలిగి తినకుండా పోయాడో, ఏ ఆడబిడ్డ ఏడ్చిన కళ్లతో అక్షింతలు వేసిందో ఆమెకు తెలిసినంత ఆ ఇంటివాళ్లకు కూడా తెలియదు. అవన్నీ తీసేయడమే ఆమె పని. తీసేసినదాన్ని పారేయకపోవడం ఆమె అలవాటు. మండలానికో తండాకో పేరు పెట్టి, పెళ్లి పెళ్లికీ ఒక అర చేసి, కెమెరా పొరపాటున తిరిగిన ముక్కలతో సహా అన్నీ ఒక పెద్ద హార్డ్ డిస్కులో దాచేది. దానికి స్టీలు తొడుగు ఉండేది కాబట్టి ఇంట్లో దాని పేరు డబ్బా. దసరాకు కెమెరాలతో పాటు డబ్బాకూ బొట్టు పెట్టేది. ఇంకో కాపీ తీసి పెట్టాలని ప్రతి సీజన్‌కు ముందు అనుకునేది. సీజన్ వచ్చేది, మాట మరుగున పడేది.

ఈ పని అంతా ఆమె ఒక మ్యాక్ మీద చేసింది. హైదరాబాద్‌లో ఏదో స్టూడియో మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నది. అది ఆమె చేతి కింద ఎద్దులా పనిచేసింది. కానీ ఎద్దుకైనా ముసలితనం వస్తుంది. కొత్త కెమెరాల ఫైళ్లు దానికి మింగుడు పడలేదు. తెర మీద పసుపు గీత ఒకటి నిలువునా పడింది, అది పెళ్లికూతురి ముక్కు మీదుగా పోయేది. మిగతా కెమెరామెన్లు తెచ్చే పూల డిజైన్లు, నెమళ్లు, తెలుగు అక్షరాలు అన్నీ విండోస్ కోసం చేసినవి. మ్యాక్‌ను బాగు చేసేవాడు జిల్లా మొత్తంలో లేడు.

జనగామలో సరోజన చిన్నాయన కొడుకు జీవన్‌కు కంప్యూటర్లు బిగించే దుకాణం ఉంది. ఒకరోజు వచ్చి మ్యాక్‌ను అటూ ఇటూ తట్టి చూశాడు.

"అక్కా, దీనికి దండం బెట్టి పక్కకు జరుపు. ఇగ దీనికి మందు లేదు."

"ఇది ఎన్నడన్న ఆగిందా తమ్మీ?"

"ఆగలే. గని నడుస్తలేదు గూడ."

విద్యాసాగర్‌కు మ్యాక్‌ను తీసేయడం ఇష్టం లేదు. "కాళేశ్వరంల ఒక్క పానవట్టం మీద రెండు లింగాలున్నయి. యముడు, శివుడు కలిసి పూజలందుకుంటుండ్రు. మన బల్ల మీద రెండు మిషన్లు ఉంటె ఏమాయె?"

"గా దేవుళ్లకు కరెంటు బిల్లు రాదు బావా" అన్నాడు జీవన్.

అట్లా విండోస్‌తో నడిచే ఒక నల్ల పెట్టె వచ్చింది. మ్యాక్ మీద గుడ్డ కప్పి మూలన పెట్టారు, దానికి తగిలించే డబ్బా బీరువాలోకి పోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు కంప్యూటర్ మార్చి చూడలేదు. చూసుంటే మూడోది కూడా కలిపేవాడు. బొటనవేలితో నొక్కే మీట ఇక్కడ చిటికెనవేలి కిందికి పోయింది. మూసే గుర్తు ఎడమ నుంచి కుడికి పోయింది. పుట్టింట్లో పెద్దరికం అనిపించుకున్నది అత్తగారింట్లో పొగరు అయినట్టు, ఇన్నేళ్ల వేళ్ల అలవాటంతా తప్పుల కిందికి వచ్చింది. పైగా బిగించింది చవక రకం. పెళ్లి సగం కలిపేసరికి బిగుసుకుపోయేది. జీవన్ వచ్చి ర్యామ్ పెంచాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత గ్రాఫిక్స్ కార్డు వేయాలన్నాడు. కార్డు వేస్తే దాని ఆకలికి కరెంటు పెట్టె చాలలేదు. పెళ్లికొడుకు తాళి ఎత్తేసరికి మిషన్ టక్కున ఆరిపోయేది. మళ్లీ వెలిగిస్తే మొదటి నుంచి. కరెంటు పెట్టె మార్చాలంటే నల్ల పెట్టెలో చోటు లేదు. ఆ పెట్టెనే మార్చాలి, ఫ్యాన్లు పెట్టాలి.

"బర్రెకు కొట్టం చిన్నగైందని ఇల్లంత కూలగొడుతున్నవ్ తమ్మీ" అన్నది సరోజన.

"కొట్టం కట్టినంక పాలు చూడు అక్కా. అప్పుడనవు."

ఈసారి పని పెద్దది. విద్యాసాగర్ ఆ పెట్టెను రైల్లో జనగామ తీసుకుపోయి ఇచ్చాడు. అక్కడి నుంచే కెమెరాలతో కాళేశ్వరం పోయాడు, సరస్వతి పుష్కరాలకు వచ్చిన యాత్రికులకు అక్కడికక్కడే ఫోటోలు తీసి ఇచ్చే పని ఉంది. పోయేముందు అతను ఒక మంచి పని చేశానని అనుకున్నాడు. బీరువాలోంచి స్టీలు డబ్బాను తీసి సంచిలో వేసుకుపోయి, "దీన్ని గూడ లోపట్నే బిగించు జీవన్, బయట ఉంటె ఊకె వైరు ఊడుతుండె" అని చెప్పాడు. సరోజనకు చెప్పలేదు. చెప్పాలని అనుకోలేదు కూడా. ఇంట్లో వస్తువును ఇంకో చోట పెట్టడం చెప్పే విషయం అని మగవాళ్లకు ఎప్పుడు తోచింది?

జీవన్ తొడుగు విప్పి డిస్కును కొత్త పెట్టెలో బిగించాడు. పాత డిస్కు, వట్టిదే అయి ఉంటుంది అనుకున్నాడు. తానే తీసుకొచ్చి, గదిలో పెట్టి, వైర్లన్నీ కలిపి, రంగు దీపాలు వెలిగే ఫ్యాన్లను చూపించి, తిరుగు రైలుకు టైమైందని మెట్లు దిగుతూ ఒక మాట చెప్పాడు.

"అక్కా, కొత్త సామాన్లు గదా, శానా అడుగుతది. ఏమడిగినా ఎస్ కొట్టుకుంట పో. పరేషాన్ గాకు."

ఆ మధ్యాహ్నం ఒక సర్పంచ్ ఇంటి పెళ్లి తీసిన కెమెరా కార్డులు వచ్చి ఉన్నాయి. మిక్సింగ్ గదిలో ఒక పద్ధతి ఉంటుంది. కెమెరా కార్డును పెట్టడం, అందులోది మిషన్‌లోకి దించడం, వెంటనే కార్డును తుడిచి కెమెరామెన్‌కు తిరిగి ఇవ్వడం. దించు, తుడువు. సీజన్‌లో అది శ్వాస తీసి వదిలినట్టు నడుస్తుంది. మొదటి కార్డు దించడం అయింది. తుడవాలి. ఈలోగా మిషన్ అడగడం మొదలుపెట్టింది. ఇది మార్చనా? అవును. అది కలపనా? అవును. పెళ్లిపీటల మీద అయ్యగారు ఏమన్నా తలూపే పెళ్లికూతురిలా సరోజన అవును, అవును అని నొక్కుతూ పోయింది. మధ్యలో ఇంకో ప్రశ్న వచ్చింది: ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? తుడవాల్సిన కార్డు కళ్లెదుటే ఉంది. దాని గురించే అనుకుంది. అవును అని నొక్కింది.

మ్యాక్ రాసిన డబ్బాను విండోస్ చదవలేదు. చదవలేని దాన్ని ఖాళీ అనుకోవడం మనుషుల్లోనూ ఉన్న జబ్బే. సరోజనకు మాత్రం తెర మీద కొత్తగా ఒక పెద్ద ఖాళీ డిస్కు కనిపించింది. తమ్ముడు చెప్పకుండా కొత్త డిస్కు వేసి పోయాడని ఆమె మనసు చల్లబడింది. సర్పంచ్ ఇంటి పెళ్లినంతా అందులో పోసింది. మిషన్ ఈసారి ఆగలేదు. తాళి ఎత్తారు, కట్టారు, అక్షింతలు పడ్డాయి. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి ఆమె చాయ్ చల్లారకముందే తాగింది.

మరుసటి రోజు ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలు.

"రామ్ రామ్ అక్కా."

గంగారం పోయే దారిలో తండా అతనిది, మాన్‌సింగ్. కొన్నేళ్ల కింద అతని పెళ్లిని విద్యాసాగరే తీశాడు. అప్పటి నుంచి ఆ తండాలో ఏ పెళ్లయినా వీళ్లకే పిలుపు.

"మా యాడి పోయింది అక్కా."

తల్లిని వాళ్లు యాడి అంటారు. అతని తల్లి పేరు తారి. సరోజన కుర్చీ తిప్పింది. "అయ్యో, తారమ్మనా? ఎట్ల పోయింది నాయినా?"

"వడ్లు ఆరబోసేకాడ కూసున్నది. మళ్ల లేవలే. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయింది." కాసేపు ఫ్యాన్ల రంగు దీపాలను చూశాడు. "నా పెళ్లి ఆల్బం పోయిన వానకాలం వాగు ఇంట్లకొచ్చినప్పుడు నానిపాయె. పెన్‌డ్రైవ్ గూడ గందుల్నే పాయె. ఇగ నీ దగ్గర ఉన్నదే. ఆదివారం దినం పెట్టుకున్నం."

"రేపు పొద్దుగాల రా. తీసి పెడ్త."

లేచాడు గానీ పోలేదు. "జర పెద్దగ కొట్టియ్యాలె అక్కా. మా బాపు తావుర్యాకు చూపు సగం పోయింది. పెద్దగుంటె చేతులతోనన్న తడుముకుంటడు. ఇంకోటి, నవ్వింది చూసి తియ్యి. మా యాడి ఊకె నవ్వేది."

అతను దిగిపోయాక సరోజన బీరువా తెరిచింది. డబ్బా ఉండే అర ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే అవతల పుష్కర ఘాట్ మైకులు, పిల్లలు తప్పిపోయిన ప్రకటనలు, మధ్యలో విద్యాసాగర్ గొంతు.

"ఏమయ్యా, స్టీలు డబ్బా యాడ వెట్టినవ్?"

"జీవన్‌కిచ్చిన గద. లోపట బిగించుమన్న. బిగియ్యలేదా?"

సరోజన కిందికి వంగింది. జీవన్ వదిలిపోయిన వైర్ల సంచి బల్ల కింద ఉంది. అందులో చేయి పెడితే తొడుగు తగిలింది. తేలిగ్గా ఉంది. దాని మీద పోయిన దసరా కుంకుమ ఎండి అట్టగట్టి ఉంది.

"ఎందుకే, ఏమైంది?"

"ఏం లేదు" అని పెట్టేసింది.

పొత్తుల గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్ల సామెత. ముగ్గురూ కాపలాదారులే. చెప్పానని ఒకరు, వట్టిదని ఒకరు, కొత్తదని ఒకరు అనుకున్నారు. అయినా ఎంత పంచినా మీట నొక్కిన వేలు ఒకటే. ఆమె ఆ వేలిని కొంగులో చుట్టుకుని కూర్చుంది.

ఆమె ఫోన్ చేస్తే సాయంత్రం బండికి జీవన్ వచ్చాడు. మెట్లు ఎక్కిన తీరు చూస్తే అతను కూడా చావు పని మీద వచ్చినట్టే ఉంది.

"నువ్వే అన్నవ్ గద, ఏమడిగినా ఎస్ కొట్టుమని."

"గట్లని గిది గూడ కొడ్తరా అక్కా?"

"అక్షరం అక్షరం చదువుకుంట కూసుంటె సీజన్ అయిపోతది. నువ్వు బిగించేటప్పుడు లోపట ఏమున్నదో చూడొద్దా?"

"బావ ఏం చెప్పలే. పాతది గదా, వట్టిదేనేమో అనుకున్న." తల గీరుకున్నాడు. "తుడిచినంత మాత్రాన సరుకు పోదు. ఎక్కడ ఏమున్నదో చెప్పే మొదటి పేజీ పోతది, గంతే. గని నువ్వు దాని మీదికెల్లి సర్పంచ్ పెళ్లి పోసినవ్. గుమ్మిల వడ్లున్నయా లేవా చూడకుంట మీద మిర్చి పోసినట్టు."

"కొండనాలుకకు మందేయమంటె ఉన్న నాలుక పీకినవ్ తమ్మీ."

జీవన్ సంచి విప్పాడు. తన వెంట తెచ్చిన వేరే డిస్కును తగిలించి, పోయినదాన్ని వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను నడిపాడు. కొత్త మిషన్ కదా, చకచకా తోడింది. తోడిన కొద్దీ వచ్చింది గానీ ఏదీ పేరుతో రాలేదు. ఏ మండలం, ఏ తండా, ఎవరి పెళ్లి, ఏమీ లేదు. వట్టి అంకెలు. తెరిస్తే కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని బూడిద రంగు గళ్లుగా పగిలిపోతాయి. కల్యాణం మధ్యలో ఇంకెవరిదో బరాత్ వస్తుంది. దావత్‌లో కూర్చున్నవాళ్ల మీద ఎవరో అక్షింతలు వేస్తారు. సరోజన ఒక్కొక్కటీ తెరిచి చూస్తూనే ఉంది. వీళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. కొందరి ముఖాలను తానే తీసి ఫ్లెక్సీలకు ఇచ్చింది.

తెల్లారాక మాన్‌సింగ్ పెళ్లి తాలూకు ముక్కలు రెండో మూడో దొరికాయి. పందిరి, డప్పులు, పలచగా ఉన్న మాన్‌సింగ్. తారి ఎక్కడా లేదు. ఆమె ఉన్న భాగం మీదే సర్పంచ్ ఇంటి పెళ్లి పడింది కాబోలు.

ఇంకొక ముక్క తెరిచింది. తెర అంతా తెలుపు. ఒక్క క్షణం ఇది కూడా పోయిందనుకుంది. కాదు, అది తువ్వాల. విద్యాసాగర్‌కు ఒక పద్ధతి ఉంది. ఏ పెళ్లికి పోయినా పని మొదలుపెట్టేముందు కెమెరాకు తెలుపు చూపించాలి. లేకపోతే ముఖాలు పచ్చగానో నీలంగానో వస్తాయి. భుజం మీది తువ్వాలను దగ్గరున్న మనిషికి ఇచ్చి, జర పట్టుకో అని, తెర నిండా అదే ఉండేలా చూసి, మెల్లగా వెనక్కి వస్తాడు. ప్రతి పెళ్లిలోనూ ఉండే ముక్క ఇది. ప్రతి పెళ్లిలోంచీ ఆమె కోసేసే మొదటి ముక్క.

తెలుపు చిన్నదైంది. తువ్వాల అంచులు కనిపించాయి. రెండు చేతులు, మోచేతుల దాకా తెల్లటి గాజులు. పచ్చబొట్లు. రవికె మీద అద్దాలు మెరిశాయి. కెమెరా పైకి లేవబోయింది. మెడలో నాణేల దండ, చుబుకం అంచు. అక్కడితో ముక్క పగిలింది. బూడిద గళ్లు.

మళ్లీ వేసింది. మళ్లీ చుబుకం దగ్గరే పగిలింది.

జీవన్ ఆమె వెనక నిలబడి చూశాడు. "అక్కా, గిన్ని తక్లీఫ్‌లు ఎందుకు? గింత పెద్ద గ్రాఫిక్స్ కార్డు దేనికేసుకున్నం? మాన్‌సింగ్ వాట్సాప్‌ల తల్లి ఆధార్ ఫోటో పంపిండు గదా. గది ఇస్తే చాలు, ఏఐ మంచిగ తయారు చేస్తది."

ఆమె కాదనలేదు. అలసిపోయి ఉంది, ఆదివారం ముంచుకొస్తోంది. కొత్త కార్డు గుయ్యిమని తిరిగింది. చూస్తుండగానే తెర మీద ఒకావిడ కూడుకుంది. నున్నటి నుదురు, దువ్వెనతో దువ్వినట్టు వరుసగా ముడతలు, ముక్కుపుడక, రెండు చెంపల మీద వెండి గొలుసులు, ముత్యాల్లాంటి పళ్లు. నవ్వుతోంది కూడా.

"ఈమె తారి గాదు" అన్నది సరోజన.

"తారి గాదని ఎవలు చెప్తరు? ఉన్న ఒక్క సాక్షి నీ డబ్బా."

ఆ మాట అన్నాక అతనికే బాగోలేక కిటికీ దగ్గరికి పోయాడు. తుడిచేసింది ఈ మిషనే, తయారుచేసి ఇస్తున్నదీ ఈ మిషనే. సరోజనకు తారి ముఖం పూర్తిగా గుర్తు లేదు. పై పన్ను ఒకటి లేదని గుర్తు. నవ్వినప్పుడు ఆ సందును నాలుకతో మూసుకునేది. కోస్తున్నప్పుడు చూసింది. కానీ పన్ను లేదన్న ఒక్క జ్ఞాపకంతో మనిషిని ఎలా నిలబెట్టడం? ఆమె ఆ బొమ్మను మూయలేదు, అచ్చుకూ పంపలేదు. అలా వదిలేసి కూర్చుంది.

మెట్ల మీద పాదాలు వినిపించాయి.

మాన్‌సింగ్ లోపలికి వచ్చి తెర చూశాడు. తల పక్కకు వంచి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు.

"మంచిగ వచ్చింది అక్కా."

జీవన్ ఊపిరి పీల్చుకున్నాడు. సరోజన చేతులు ఒళ్లో ముడుచుకుంది.

"పెళ్లినాటికి మా యాడికి గీ పన్ను లేకుండె అనుకున్న" అన్నాడు మాన్‌సింగ్. తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు. "ఉండె కావచ్చు. వీడియోల ఉన్నదంటె ఉన్నట్టే గదా. నేనే మర్చిపోయిన్నేమో."

చట్రంలోని కుంచె కళ్లకు మనుమలు దండం పెట్టుకోవడం వేరు. కొడుకు తన తల్లిని గుర్తుపెట్టుకోవడంలో తప్పాననుకోవడం వేరు. సరోజన లేచి నిలబడింది.

"నువ్వు మర్చిపోలేదు మానూ. ఆమెకు పన్ను లేకుండె. గది మీ యాడి గాదు. ఆధార్ ఫోటో చూసి మిషన్ చేసింది."

"మరి వీడియోది?"

"పోయింది. మిషన్ మార్చినప్పుడు పోయింది." అక్కడితో ఆపవచ్చు. జీవన్ ఆమె వైపు ఆపమన్నట్టే చూశాడు. "మిషన్ అడిగితే నేనే అవును అన్న. చూడకుంట తుడిచిన."

మాన్‌సింగ్ కోప్పడితే ఆమెకు తేలికగా ఉండేది. అతను గుడ్డ కప్పిన మ్యాక్‌ను చూశాడు, రంగు దీపాల పెట్టెను చూశాడు.

"ఆల్బం నానినప్పుడు మేమంత నెత్తి కొట్టుకున్నం అక్కా. మా యాడే అన్నది, పోతె పోనియ్యిరా, సరోజనమ్మ దగ్గర ఉన్నం గదా అన్నది."

కింద ఎరువుల దుకాణంలో మూటలు దించుతున్న చప్పుడు వచ్చింది.

"ఒక్కటి దొరికింది" అన్నది సరోజన చివరికి. "ముఖం లేదు. చూస్తవా?"

తెలుపుతో మొదలైంది. తువ్వాల, చేతులు, గాజులు. చుబుకం దాకా రాకముందే మాన్‌సింగ్ "ఆపు" అన్నాడు.

ఆమె ఆపింది. తెర మీద తువ్వాల కొసలను పట్టుకున్న రెండు చేతులు నిలిచాయి. కుడి బొటనవేలి మొదట్లో ఒక పాత గాటు, తెల్లగా, కొడవలి ఆకారంలోనే ఉంది.

"నేను పుట్టిన యేడు వరికోతల పడ్డదంట" అన్నాడు. "నన్ను కొట్టినప్పుడల్ల గీ గాటు చూపిచ్చి, నీ కోసమే కోసుకున్న అనేది. అబద్ధం. అయినా అనేది." తెర దగ్గరికి చెవి వంచాడు. "మాట ఉన్నదా దీంట్ల?"

సౌండ్ పెంచింది. డప్పులు, గాలి, విద్యాసాగర్ గొంతు, జర పైకి పట్టు అవ్వా అని. ఆమె గొంతు ఏదో అనబోయి ఊపిరి తీసుకుంది. అంతే.

"గిదే కొట్టియ్యి" అన్నాడు.

"ముఖం లేకుంట తండల ఏమంటరో."

"మా బాపుకు ముఖం ఎట్లాగూ కనవడది."

ఫ్లెక్సీ దుకాణం రెండు ఇళ్లవతల, ఆగయ్యది. సరోజన పెన్‌డ్రైవ్ పట్టుకుని తానే వెంట పోయింది. మామూలుగా ఫైలు ఫోన్‌లో పంపేది. జీవన్ వెనక రాలేదు. పైన కూర్చుని పెద్ద డిస్కులో మిగిలినవాటికి వేరే కాపీ తీస్తున్నాడు. ఆ అంకెల్లో ఎవరెవరు ఉన్నారో, ఎవరెవరు లేరో ఆమెకు తెలియదు. వాళ్ల ఇంటివాళ్లు మెట్లెక్కి వచ్చినప్పుడే ఒక్కొక్కరుగా తెలుస్తుంది. విద్యాసాగర్ ఫోన్ పొద్దుటి నుంచి మోగుతోంది. దీని తర్వాత ఎత్తాలి. ఎత్తి అంతా చెప్పాలి. ముందుగా ఒకటి చెప్పాలి, తువ్వాల పట్టుకున్న మనిషి ముఖాన్ని కూడా నిదానంగా తీయమని.

ఆగయ్య ఫైలు తెరిచి కళ్లజోడు పైకి జరిపాడు. "తలకాయ కట్ అయింది గదక్కా. అసలు ఫైలు ఇయ్యి."

"గదే అసలు ఫైలు" అన్నది సరోజన.

ఆగయ్య మాన్‌సింగ్‌ను చూసి ఇంక అడగలేదు. "పేరు?"

"తారి" అన్నాడు మాన్‌సింగ్. "పేరు కింద వెట్టు. చేతుల మీదికి రానియ్యకు."

మిషన్ తల అటూ ఇటూ పరుగెత్తుతూ పైనుంచి కిందికి అచ్చు వేయడం మొదలుపెట్టింది. నాణేల దండ వచ్చింది. అద్దాల రవికె వచ్చింది. తువ్వాల దగ్గరికి వచ్చేసరికి తల అటూ ఇటూ పోతోంది గానీ ఏమీ పడటం లేదు. తెలుపుకు సిరా ఉండదు, కిందున్న ఫ్లెక్సీ తెలుపే తెలుపు. ఆ ఖాళీకి అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి గాజులతో సహా ఇంచు ఇంచుగా దిగుతుంటే మాన్‌సింగ్ కింద చేతులు చాపి పట్టుకున్నాడు, నేలకు తగలకుండా.